గట్టు మీద కుర్చీ

నేను ఫుట్‌బాల్‌తో బతికానంటే ఏలూరులో చాలామంది నమ్మరు. "ఫుట్‌బాలాండీ? అది మనవైపు ఆడతారాండీ?" అని మర్యాదగానే అడుగుతారు. క్రికెట్ అని ఉంటే కుర్చీ వేసి కాఫీ తెప్పించేవారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు నవ్వేసి ఊరుకుంటున్నాను. ఎందుకంటే ఉన్న మాట చెప్పుకోవాలంటే నేను ఆడి బతకలేదు, కూర్చుని బతికాను.

కలకత్తాలో ఒక క్లబ్బుకి నేను రెండో గోల్‌కీపర్‌ని. మిగతా ఆటగాళ్లను ఆట మధ్యలో మారుస్తారు. ఒకడు అలసిపోయాడని, ఇంకొకడికి ఆ రోజు కాలు ఆడటం లేదని ఏదో ఒక వంక ఉంటుంది. గోల్‌కీపర్‌ని మాత్రం అలా మార్చరు. అతనికి దెబ్బ తగిలితేనే రెండోవాడికి పిలుపు. అంటే నా అదృష్టమంతా పక్కవాడి ఎముకల మీద ఆధారపడి ఉండేది. పోనీ అతను చెడ్డవాడా అంటే, అదీ కాదు. ఇద్దరం కలిసుండే గదిలో నాకు అన్నం వండిపెట్టేవాడు, జ్వరం వస్తే మాత్రలు తెచ్చేవాడు. అలాంటివాడికి ఏదో ఒకటి కావాలని కోరుకోలేక, కోరుకోకుండా ఉండలేక ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్నాను. చలికాలంలో కాళ్ల మీద తువ్వాలు కప్పుకునేవాణ్ణి. ఊళ్లో మా అమ్మ మాత్రం అందరితో "మావాడు కలకత్తాలో ఆడుతున్నాడండీ" అని చెప్పుకునేది.

మాది తాడేపల్లిగూడెం. నాన్న ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. ఇంటికొస్తే చొక్కా నుంచి వచ్చే ఆ ఘాటుకి అందరి కళ్లూ మండేవి, అదే మాకు ఆయనొచ్చిన గుర్తు. ఊరి చివర పాతకాలం విమానాల రన్‌వే ఒకటి ఉంది. విమానాలు రావడం ఎప్పుడో మానేశాయి కాబట్టి అది మాకు మైదానమైంది. సిమెంటు మీద డైవ్ కొడితే మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయేవి. గోల్‌లో నిలబడటానికి ఎవరూ ఒప్పుకోకపోతే అందరికంటే చిన్నవాణ్ణని నన్ను తోశారు. అలా మొదలైంది నా వృత్తి.

ఒక్క సీజన్‌లో నా వంతు వచ్చింది. మొదటి గోల్‌కీపర్ వేళ్లు విరిగాయి. ఆసుపత్రిలో కట్టుకట్టిన చెయ్యి ఎత్తి నాకు శుభాకాంక్షలు చెప్పాడు, నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆ కొన్ని నెలలే నేను నిజంగా ఆడింది. బాగానే ఆడాను, పత్రికల్లో ఫొటో కూడా పడింది. తర్వాత ఒక వానపూట ఎడమవైపు దూకినప్పుడు భుజం కీలు తప్పింది. ఆపరేషన్ చేశారు. చెయ్యి మళ్లీ చెవి దాకా లేవలేదు. ఊరికి తిరిగొచ్చి, కోచింగ్ కోర్సు చేసి, ఏలూరు స్టేడియంలో కాంట్రాక్టు కోచ్‌గా చేరాను. కోచ్ కూడా గీత దాటి లోపలికి వెళ్లకూడదు. బయట నిలబడి అరవాలి. బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను, నా జీవితంలో వచ్చిన తేడా అంతే.

ఆ అమ్మాయిని నేను మొదట చూసింది మైదానంలో కాదు, చేపల చెరువు గట్టు మీద.

కొల్లేటి లంకల్లో ఒక ఊరి హైస్కూలుకి బంతులు ఇచ్చి, పిల్లలకి ఆట చూపించి రమ్మని నన్ను పంపారు. బస్సు దిగి వెళ్తే స్కూల్లో హెడ్‌మాస్టరు, అటెండరు తప్ప పురుగు లేదు. ఈ రోజు చెరువు పట్టుబడి అన్నారు. ఊరంతటికీ కలిపి ఒక పెద్ద చెరువు ఉంది. ఏడాదంతా పెంచిన చేపల్ని ఒక్క రోజున వలేసి పట్టి, లారీలకెక్కిస్తారు. ఆ రోజు ఇంటికో మనిషి పనికి రావాలి. అది ఊరి కట్టుబాటు. వచ్చిన ఇంటికే చేపల్లో వాటా. ముందురోజు ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు కదా అని విసుక్కుంటూ, ఎలాగూ వచ్చాను కదా అని గట్టు దాకా నడిచాను.

మగవాళ్లు గుండెల్లోతు నీళ్లలో వల పట్టుకుని వలయంగా దగ్గరికి జరుగుతున్నారు. వల బిగిసేకొద్దీ నీళ్లు ఉడికినట్టు చేపలు ఎగురుతున్నాయి. కొందరు లోపలికి చేతులు పెట్టి పెద్ద బొచ్చెల్ని, శీలావతుల్ని ఒక్కొక్కటిగా గట్టు మీదికి విసురుతున్నారు. గట్టు మీద వరసగా నిలబడ్డ ఆడవాళ్లు వాటిని అందుకుని ఐసు పోసిన ట్రేల్లో వేస్తున్నారు. ప్రాణంతో ఉన్న చేప, పైగా జారుడు. సగానికి సగం బురదలో పడుతున్నాయి. పడ్డవాటిని ఏరుకుని, కడిగి, తిట్టుకుంటూ వేస్తున్నారు. వరస చివర ఉన్న ఒక్క పిల్ల చేతుల్లోంచి మాత్రం ఏదీ పడటం లేదు.

నేను అక్కడే ఆగిపోయాను. చేప తన మీదికి వచ్చేలోపే ఆ పిల్ల కాళ్లు అటు జరిగిపోతున్నాయి. చేతులు చాచి అందుకోగానే వెనక్కి లాగి, పొట్టకి హత్తుకుని, దాని మీదికి వంగుతోంది. ఆ వంగడం నాకు నేర్పడానికి కలకత్తాలో కోచ్ ఏడాదిపాటు నన్ను నానా తిట్లూ తిట్టాడు. ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

"ఏమ్మా, ఫుట్‌బాల్ ఆడతావా?" అని అడిగాను.

"ఇప్పుడు చేపలున్నాయండి" అంది, నా వైపు చూడకుండానే.

నీళ్లలో వల పట్టుకున్న ఒకాయన పకపకా నవ్వాడు. ఆయనే వాళ్ల నాన్న.

తర్వాత ఆ అమ్మాయి ఏలూరులో ఇంటర్‌లో చేరింది. రోజూ బస్సులో వచ్చి, కాలేజీ అయ్యాక స్టేడియానికి వచ్చి, చివరి బస్సుకి పరుగెత్తేది. నేను ఎంతమందికో నేర్పాను గానీ ఇలాంటి చేతులు చూడలేదు. కలకత్తాలో నా పాత స్నేహితుడికి, అదే ఆ మొదటి గోల్‌కీపర్‌కి, ఫోన్‌లో ఈ అమ్మాయి గురించి ఊదరగొట్టేవాణ్ణి. అతను ఇప్పుడు ఆడపిల్లల ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్. ఒకసారి ఆమె కొలతకి గ్లౌజులు పంపాడు. తెల్లవి, అంచుకి ఆకుపచ్చ గీత. వాటిని తొడుక్కోవడానికి ముందు ఆమె చేతులు రెండుసార్లు కడుక్కునేది, చేపల వాసన అంటుతుందని.

ఈలోగా వాళ్ల నాన్న ఐసు లారీ మీద నుంచి జారిపడ్డాడు. వెన్నెముకకి దెబ్బ. నవ్వుతూ వల లాగిన మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఆమె ఆట మానేస్తుందేమోనని హడలిపోయాను, మానలేదు. బస్సు దిగి సంచీతో నడిచి వస్తుంటే ఆ మొహంలో ఏమీ కనిపించేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. అడిగి మాత్రం ఏం చేయగలను?

నిరుడు నా స్నేహితుడి అకాడమీ వాళ్లు మనవైపు పిల్లల్ని ఎంచుకోవడానికి వస్తున్నారని తెలిసింది. ఎంపికైతే చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. ఎక్కడ పెడుతున్నారంటే మా తాడేపల్లిగూడెంలో, ఒక ఆదివారం పొద్దున. వయసు చూస్తే ఆమెకి అదే ఆఖరి అవకాశం. మరుసటి ఏడు అడగడానికి కూడా ఉండదు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొదటిసారి నా ముందు నవ్వింది. "గూడెం అంటే మీ ఊరు కదండీ సార్" అంది. నేను లోపల ఎగిరి గంతేశాను. రన్‌వే ఉన్న ఊరు, నా చేతులు చెక్కుకుపోయిన ఊరు. నావల్ల కానిదేదో అక్కడే అవుతుందని పిచ్చిగా నమ్మాను.

సరిగ్గా అప్పుడే ఆ లంక ఊళ్లో గుసగుస మొదలైంది. ఆ చెరువు కొల్లేటి అభయారణ్యం హద్దుల్లో ఉందని, గట్టుకి గండి కొట్టడానికి అటవీశాఖ మనుషులు వస్తారని. గండి పడితే ఏడాది పెంపకం మొత్తం కొల్లేట్లో కలిసిపోతుంది. అందుకని ఊరివాళ్లు పట్టుబడిని ముందుకి జరిపారు. లారీలు, ఐసు దొరికింది ఆ ఆదివారానికే.

ఇంటికో మనిషి. ఆ ఇంట్లో తండ్రి మంచం మీద. తల్లి చేతికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టింది, అరచెయ్యి బూరెలా వాచి గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. ఇక మిగిలింది ఒక్కతే.

బండేసుకుని ఆ ఊరు వెళ్లాను. కమ్యూనిటీ హాలులో పెద్దలు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచారు, ప్రెసిడెంటు గారు స్వయంగా కుర్చీ తుడిచి వేశారు.

"పాప ఆట గురించి మాకు తెలుసండి మాస్టారూ. మా ఊరి పేరు పేపర్లో వేయించిందండి. కాదంటామాండీ?" అన్నారాయన. "కానీ ఇంటికో మనిషి రావాలండి. ఇది నేను పెట్టింది కాదండి, మా తాతల నాటిది."

"వాళ్ల నాన్న పరిస్థితి మీకు తెలియంది కాదు కదండీ."

"అందుకేనండి, పోయినేడు వాళ్లంతా ఆసుపత్రిలో ఉన్నారని ఎవరూ రాకపోయినా వాటా పంపించాం. ఊళ్లో ఒక్కరూ మాటన్లేదండి. మళ్లీ ఈ ఏడూ అంటే మిగతావాళ్లు అడగరాండీ? మంచాన పడ్డవాళ్లు ఇంకో రెండిళ్లలో ఉన్నారండి. వాళ్లావిడలు చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారండి."

ఆయన దుర్మార్గుడై ఉంటే ఎంత బాగుండేది! గట్టిగా పోట్లాడేవాణ్ణి. ఆయన చెప్పిన ప్రతి మాటా న్యాయంగానే ఉంది, అంత మెత్తగా చెబుతున్నాడు కూడా.

"అయితే ఆ ఇంటి తరపున నేనొస్తానండి" అన్నాను.

వెనకెవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఎంత మాటండీ!" ప్రెసిడెంటు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీరు మాకు మాస్టారండి. మిమ్మల్ని బురదలోకి దింపితే మా ఊరికి మర్యాదాండీ? పైగా మీ భుజం బాగోదని మీరే చెప్పారు కదండీ."

నిజమే, నేనే చెప్పాను. ఒకసారి కాఫీ తాగుతూ, గొప్పగా. నాలుక కరుచుకున్నాను.

అక్కడి నుంచి వాళ్లింటికి వెళ్లాను. తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనొచ్చానని తెలిసినా ఇటు తిరగలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి, "నేను చెరువుకే వెళ్తానండి సార్" అంది. "మా నాన్నని ఎవరూ ఏమీ అనకూడదండి."

అయినా ఆశ చావలేదు. పట్టుబడి తెల్లవారుజామున మొదలవుతుంది. చేపలు త్వరగా అయిపోతే, అక్కడి నుంచి గూడెం బండి మీద రెండు గంటల లోపే. స్నేహితుడికి ఫోన్ చేశాను. ఎంపికకి వస్తున్నవాళ్లలో అతనూ ఉన్నాడు, మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. ఆదివారం చీకటితోనే ఏలూరులో బయల్దేరి, బండి టాంకు నిండా పెట్రోలు పోయించుకుని, స్టేడియంలో ఉంచిన ఆమె బూట్లు, గ్లౌజుల సంచీ హ్యాండిల్‌కి తగిలించి గట్టు మీద ఆపాను. తాళం కూడా బండికే ఉంచాను.

నన్ను చూసి ఒకతను పరుగున వెళ్లి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టు మీద వేశాడు. "కూర్చోండి మాస్టారూ." వద్దన్నాను. ఇంకొకాయన బతిమాలాడు. కూర్చున్నాను. నా జీవితంలో ఎన్ని బెంచీలు చూశాను! ఇంత మర్యాదగా ఎవరూ కూర్చోబెట్టలేదు.

వల దిగింది. ఆమె వరస చివర తన చోట్లోనే నిలబడింది. మొదటి వలకి చేప బాగా పడింది. ఊరంతా సంబరపడింది. రెండో వలకి ఇంకా బాగా పడింది. ఇలాంటి పంట ఈ మధ్య చూడలేదని ప్రెసిడెంటు గారు కళ్లు తుడుచుకున్నారు. గండి భయంతో నిద్రలేని మనుషులు వాళ్లు, సంతోషపడటంలో తప్పేముంది? ఆ గట్టు మీద చేపలు అయిపోవాలని కోరుకుంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. వల నుంచి చేప ఎగిరినప్పుడల్లా గడియారం చూసుకునేవాణ్ణి. ఒకప్పుడు స్నేహితుడి వేళ్లు విరగాలని కోరుకున్నట్టే ఇప్పుడు ఊరి చెరువు ఖాళీ కావాలని కోరుకుంటున్నాను. ఇదేం బతుకురా అనుకున్నాను.

కూర్చోలేక లేచి, చెప్పులు విడిచి, గట్టు వాలులోకి దిగి ఒక ట్రే ఎత్తాను. ఎత్తీ ఎత్తకముందే ఇద్దరు పరుగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి లాక్కున్నారు. "మీరెందుకండీ! ఉండండి మాస్టారూ." ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది. నన్ను తీసుకెళ్లి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎండెక్కిందని ఎవరో గొడుగు తెచ్చి నా వెనక కర్రకి కట్టారు. కొబ్బరిబొండం కొట్టి చేతిలో పెట్టారు. ఆ బొండాన్ని చెరువులోకి విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. తాగాను.

ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను గడియారం చూపిద్దామని చెయ్యి ఎత్తాను, చూడలేదు. పిలిచాను, చూడలేదు. చేప వచ్చేది, కాళ్లు జరిగేవి, చేతులు అందుకునేవి, పొట్టకి హత్తుకునేది, ట్రేలో వేసేది. నా మీద కోపం వచ్చిందనుకున్నాను. లేనిపోని ఆశ పెట్టినందుకు కోపం రావడం న్యాయమే. ఒకసారి ఒక పెద్ద బొచ్చె ఆమెకి చాలా ఎడంగా, తల మీదుగా పోతుంటే గాలిలోకి ఎగిరి ఒంటిచేత్తో ఆపి, రెండో చేత్తో అదుముకుని కిందికి దిగింది. నీళ్లలో వాళ్లు ఈలలు వేశారు. ఆ ఆపడం గూడెంలో చూడాల్సినవాళ్లు చూడలేదు. నేను చూశాను. నేను చూస్తే ఏం లాభం?

మధ్యాహ్నానికి స్నేహితుడు ఫోన్ చేశాడు. పిల్లల్ని ఎంచుకోవడం అయిపోయిందట. "నువ్వు నా వెనక ఎన్నేళ్లు కూర్చున్నావో నాకు తెలుసు. ఇంకో గంట నీకోసం కూర్చుంటాను" అన్నాడు. సరేనన్నాను. అప్పుడే నాలుగో వల దింపుతున్నారు. గంట దాటి ఇంకా కాసేపయ్యాక మళ్లీ ఫోన్ మోగింది. రైలుకి వేళైందని, మిగతావాళ్లు ఆగడం లేదని చెప్పాడు. "క్షమించు" అన్నాడు. అతన్నెందుకు క్షమించాలో నాకు తెలియలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, బండి దగ్గరికి వెళ్లి తాళం తీసేశాను.

పొద్దు వాలాక పని అయింది. లారీలు కదిలాయి. ప్రెసిడెంటు గారు రెండు పెద్ద శీలావతుల్ని ఐసు వేసిన సంచీలో పెట్టించి నా బండికి కట్టించారు. "కాదనకండి మాస్టారూ, ఊరి మర్యాదండి." కాదనలేదు. ఆ రోజు ఎవరికి ఏది కాదనగలిగాను గనుక.

ఆమె కుళాయి దగ్గర చేతులు, మొహం కడుక్కుని వచ్చింది. లంగా మోకాళ్ల దాకా బురద, జుట్టులో పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. గూడెం సంగతి అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. ఎండని చూసి ఆమెకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

"సార్, ఒక్కటి కూడా కింద పడలేదండి. చూశారాండీ?" అంది.

"చూశానమ్మా."

"కోపం వచ్చిందాండీ, మీరు పిలిస్తే చూడలేదని?" చేతులు పావడాకి తుడుచుకుంటూ అంది. "మీరే అన్నారు కదండీ, ఏది ఏమైనా కళ్లు బంతి మీదే ఉండాలని. మీ వైపు చూస్తే బండి కనబడుతుందండి. బండి చూస్తే చెయ్యి తప్పుతుందని చూడలేదండి."

హ్యాండిల్‌కి తగిలించిన సంచీ విప్పి, గ్లౌజులు తీసి ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఇంకా వాసన పోలేదండి సార్" అంది. "మీ దగ్గరే ఉంచండి."